ముప్పై ఏళ్ళు అటక మీదున్న రేడియో విమానాన్ని మళ్ళీ ఎగరేసిన నా అనుభవం

2024 నవంబరులో మొదలై, 2025 మార్చి 23వ తేదీ ఆదివారం ఉదయం ఒక కొలిక్కి వచ్చిన పని ఇది. 1986లో మా మాస్టారి పక్కన కూర్చొని నా చేతులతో కట్టుకున్న, నేల మీద నుంచి రేడియోతో నడిపే చిన్న బాల్సా (చాలా తేలికైన కలప) విమానాన్ని, అదే ఇంజనుతో, వీలైనంతవరకూ ఆనాటి పద్ధతిలోనే మళ్ళీ గాలిలోకి లేపడానికి దాదాపు ఐదు నెలల కాలమూ, 17,000 రూపాయల దాకా ఖర్చూ అయ్యాయి. ఇలాంటి పాత విమానం అటక మీద పెట్టుకుని, పారేయడానికి మనసొప్పక, బాగుచేయడానికి ధైర్యం చాలక ఉన్నవారు మరికొందరు ఉంటారని నా నమ్మకం. వారికి పనికివస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

విశాఖలోని మా ఇంటి అటక మీంచి దాన్ని దించింది కార్తీక మాసంలో, ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు. చెక్కపెట్టె మూత తీయగానే ముందు తగిలింది వాసన. ఇంజను చుట్టూ కలపలోకి ఇంకిపోయిన ఆముదపు మాడు వాసన అన్నేళ్ళ తర్వాత కూడా పోలేదు. ఆ వాసనకు నా కళ్ళు చెమర్చాయి. 50 అంగుళాల రెక్కలో కుడి సగం దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. ఎడమ సగం మాత్రం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా కిటికీలు పగలగొట్టి వానను అటకదాకా కొట్టిన రోజున తడిసి, జిగురు విడిచి, నాలుగైదు రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పలకలు) మెలితిరిగిపోయి ఉంది. నయం, చెదలు పట్టలేదు. పాత విమానాన్ని దించినవారు అన్నిటికంటే ముందు చూసుకోవలసింది చెదలే. బాల్సా పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల డొల్ల అయిపోయి ఉంటుంది. అందుకని వేలిగోటితో అంగుళం అంగుళం నొక్కుతూ పోవాలి.

మా మాస్టారు హిందుస్థాన్ షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవారు. ఓడల నక్షాలు గీసే చేతులతోనే విమానపు రిబ్బులు గీసి ఇచ్చేవారు. ఆ రోజుల్లో ఇంజను కావాలంటే మర్చంట్ నేవీలో ఉన్న ఎవరి తమ్ముడో, ఎవరి బావగారో యొకొహామాలోనో సింగపూర్‌లోనో దిగి కొనితేవాలి. ఓడ విశాఖ రేవుకు వచ్చేదాకా ఆగాలి. నా ఓ.ఎస్. మ్యాక్స్ 25 ఇంజను అలా వచ్చిందే. ఉత్తరం రాసిన ఎనిమిది నెలలకు చేతికందింది. బాల్సా కలకత్తా నుంచి పార్శిల్లో వచ్చేది, అదీ అందరి డబ్బూ పోగుచేసి తెప్పించుకుంటేనే. చుక్కానిని కదిపే పుష్‌రాడ్లకు సైకిల్ స్పోకులు, ఇంధనపు ట్యాంకుకు డబ్బా రేకు. స్కూటరు మీద ఒకరు నడుపుతుంటే వెనకాల కూర్చున్నవారు రెక్కను గాలికి అడ్డం కాకుండా పట్టుకుని మధురవాడ వైపు వెళ్ళేవాళ్ళం. అప్పుడు అటంతా జీడిమామిడి తోటలూ మెట్టభూములూ. మనిషి కనిపించడమే అరుదు.

మాస్టారిదైతే మాకంటే ముందు తరం అనుభవం. 1960ల చివర్లో ఆయన ఒకే ఛానెల్ రేడియోతో ఎగరేశారు. దాంట్లో ఇప్పటిలా బొటనవేళ్ళతో కదిపే పుల్లలు ఉండవు, ఒక్క బటనే ఉంటుంది. నొక్కి పట్టుకుంటే విమానం కుడికి తిరుగుతుంది. ఒకసారి నొక్కి వదిలి, రెండోసారి నొక్కి పట్టుకుంటే ఎడమకు. పూర్తిగా వదిలేస్తే చుక్కాని తిన్నగా వస్తుంది. ఇంజను వేగం తగ్గించే వీలు లేదు. ఇంధనం ఉన్నంతసేపూ పైకి పోవడం, అయిపోయాక గాలిలో జారుతూ దిగడం, అంతే. విమానం పొట్టలో పొడవునా మెలిపెట్టిన రబ్బరు బ్యాండు ఉంటుంది. రేడియో సంకేతం అందగానే ఎస్కేప్‌మెంట్ అనే చిన్న కొక్కెం వదులై ఆ రబ్బరును పావు చుట్టు తిరగనిస్తుంది, ఆ తిరుగుడే చుక్కానిని లాగుతుంది. అంటే ప్రతి మలుపుకూ మెలిలో కొంత ఖర్చవుతుంది. రబ్బరు విప్పుకుపోయాక మీరెంత నొక్కినా విమానం వినదు. అందుకే మాస్టారు మలుపులను లెక్కపెట్టుకుని వాడేవారు. 1937లో అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘గఫ్’ అనే రేడియో విమానాన్ని ఎగరేశారనీ, అది స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరిందనీ ఆయన మాకు చెప్పేటప్పుడు సొంత అన్నదమ్ముల సంగతి చెబుతున్నంత మురిపెం ఆయన గొంతులో పలికేది.

నవంబరు చివర్లో ముందుగా ఇంజను సంగతి చూశాను. గడ్డకట్టిన ఆముదంతో పిస్టన్ పూర్తిగా పట్టేసింది. ఇక్కడ ఎవరూ తొందరపడవద్దు. ప్రొపెల్లరు పట్టుకుని బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హెయిర్ డ్రయ్యరుతో వేడిచేస్తూ, సన్నని నూనె చుక్కలు వేస్తూ ఒక రాత్రంతా వదిలేస్తే మర్నాటికి మెత్తబడి కదిలింది. తర్వాత విడదీసి, పైన మాడి అంటుకున్న గోధుమరంగు పొర పోవడానికి కార్ల రేడియేటర్‌లో పోసే కూలెంట్‌లో వేసి, ఇక వంటకు వాడని ఒక గిన్నెలో, పెరట్లో, సన్నని సెగ మీద ఉంచాను. ఆ ఆవిరి పీల్చకూడదు, ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. కొన్ని గంటలకు లోపలి అల్యూమినియం తెల్లగా బయటపడింది. కార్బురేటర్‌లోని రబ్బరు రింగు పెళుసై ముక్కలైపోయింది, గాస్కెట్లూ పనికిరావు. అవి బెంగళూరు నుంచి రావడానికి రెండు వారాలు పట్టింది. ఇంధనాన్ని మండించే కొత్త గ్లో ప్లగ్‌తో కలిపి 1,900 రూపాయలు.

అసలు కష్టం ఇంధనం దగ్గర ఎదురైంది. ఈ ఇంజన్లకు పెట్రోలు పనికిరాదు. నూటికి ఎనభై పాళ్ళు మిథనాల్, ఇరవై పాళ్ళు ఆముదం కలిపి వాడాలి. గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ ఒకసారి వేడెక్కితే చాలు, మిథనాల్ తగలడంతోనే ఎర్రగా ఉండిపోయి, తర్వాత బ్యాటరీ తీసేసినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. అయితే మిథనాల్ విషం. 1986లో మాస్టారు ఒక చీటీ రాసిస్తే పూర్ణా మార్కెట్‌లో సీసాలో పోసి ఇచ్చేవారు. ఇప్పుడు అలా ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది కూడా. ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే ఒక దుకాణంవారు నా గుర్తింపు కార్డు నకలూ, ఎందుకు వాడతానో రాసి సంతకం చేసిన ఉత్తరమూ తీసుకుని, మూడు వారాలు ఆగమని, చివరకు రెండు లీటర్లు ఇచ్చారు. కలిపి పంపే తయారీ ఇంధనం ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది గానీ, మండే ద్రవాలను కొరియర్‌వారు తీసుకోరు. ఆముదం మాత్రం పూజకు వాడేది కొనకండి. జిగురు తీసిన, వడకట్టిన శుద్ధమైన ఆముదం కావాలి. ఆ రెండింటికీ 1,400 అయింది. మిథనాల్ చేతికి తగలనివ్వకూడదు. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు కనుక దగ్గర్లో తడిగుడ్డ తప్పనిసరి.

సంక్రాంతి వెళ్ళాక రెక్క పని పట్టుకున్నాను. మెలితిరిగిన రిబ్బుల స్థానంలో కొత్తవి కోయడానికి కుడి రెక్కలోని మంచి రిబ్బునే అచ్చుగా వాడాను. బ్లేడుతో కోసేటప్పుడు బాల్సా ఈనె దారి ఎటుందో చూసుకుంటూ, చివర గరుకు కాగితంతో రుద్దుతూ ఉంటే, ఆ తెల్లని పొడి చేతుల మీద పడుతుంటే, ఆ కొన్ని సాయంత్రాలూ నాకు ఇరవై మూడేళ్ళ వయసు తిరిగొచ్చినట్టే అనిపించింది. రెక్క మీద తొడుగుకు ప్లాస్టిక్ ఫిల్మ్ ఇస్త్రీ పెట్టి అంటించే సులువైన పద్ధతి ఉంది. నేను కావాలనే సన్నని పట్టుగుడ్డ తడిపి పరిచి, దాని మీద డోప్ అనే వార్నిషు లాంటి ద్రవం పూసే పాత పద్ధతినే ఎంచుకున్నాను. ఆరుతున్నకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో తడితే డప్పులా మోగుతుంది.

అయితే డోప్‌కూ విశాఖకూ పొత్తు కుదరదు. థిన్నర్ చకచకా ఆవిరైపోతూ పూతను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పూత మీదే దిగి తెల్లని మచ్చలు కడుతుంది. సముద్రం మీద నుంచి తేమగాలి కొట్టే సాయంత్రం వేళ దాని జోలికి పోకూడదు. పొడిగా ఉన్న రోజు చూసి, ఉదయం పది తర్వాత ఒక పూత, మర్నాడు మరొకటి చొప్పున వేయాలి. మధ్యలో వారం రోజులపాటు మబ్బు పట్టి పని ఆగిపోయింది. ఇంట్లోవారు ఆ వాసన భరించలేరు కనుక మేడ మీదనే పని. బాల్సా, జిగురు, పట్టు, డోప్, థిన్నర్ అన్నీ కలిసి 4,600.

ఫిబ్రవరి అంతా రేడియోకే పోయింది. నా పాత ఫుటాబా కంపెనీ రేడియో సెట్టు నాలుగు ఛానెళ్ళది (విడివిడిగా నాలుగు కదలికలను నడిపేది), 27 మెగాహెర్ట్జ్ బ్యాండులో 27.145 దగ్గర పనిచేసేది. ఆ పౌనఃపున్యానికి గుర్తు పసుపు రంగు. అప్పట్లో పౌనఃపున్యాన్ని నిర్ణయించే ఒక్కో క్రిస్టల్ జతకు ఒక్కో రంగు ఉండేది. ఆ రంగు రిబ్బను ట్రాన్స్‌మిటర్ యాంటెనాకు కట్టుకునేవాళ్ళం. ఒకే రంగువారు ఇద్దరు ఒకేసారి స్విచ్ వేస్తే గాలిలో ఉన్న విమానం నేలకూలినట్టే. అందుకే మైదానంలో అడుగుపెట్టగానే మొదటి మాట ‘పసుపు ఎవరిదండీ?’ అన్నదే. ఎవరూ పలకకపోతే, బల్ల మీది పసుపు క్లిప్పు తీసి చొక్కాకు పెట్టుకున్నాకే స్విచ్ వేసేది. ఆ ప్రశ్న అడగకుండా ఎగరేసే దారే లేదు, అందువల్ల పరిచయం కాకుండా ఉండే దారీ లేదు. నేడు 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వాటంతటవే ఖాళీ చూసుకుంటాయి, పక్కవారితో పేచీ పడవు. ఒకే మైదానంలో పదిమంది ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎగరేసి వెళ్ళిపోవచ్చు. పాత రోజుల్లో నాకు అన్నిటికంటే ప్రియమైనది ఏమిటంటే ఆ పసుపు క్లిప్పేనని ఈ పని చేస్తున్నన్నాళ్ళూ నాకు తెలిసివచ్చింది. ఇంజను తేవడానికొకరు, తోక పట్టుకోవడానికొకరు, విసరడానికొకరు, రంగు అడగడానికొకరు. ఆ రోజుల్లో ఒంటరిగా ఎగరేసినవారెవరూ నాకు తెలియదు.

సెట్టు విప్పితే నికెల్ కాడ్మియం సెల్స్ కారి పచ్చని పొడి కక్కి ఉన్నాయి. బ్యాటరీ నుంచి వచ్చే ఋణ తీగ పైకి బాగానే ఉంది, కోసి చూస్తే లోపలి రాగి పోగులన్నీ నల్లబడి విరిగిపోతున్నాయి. కారిన సెల్స్ పక్కనున్న తీగలకు ఇది మామూలే కనుక సెల్స్ ఒక్కటే మార్చి ఊరుకోకుండా తీగ మొత్తం మార్చాలి. డాబాగార్డెన్స్‌లో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఎండిపోయిన కెపాసిటర్లను మార్చి, పది రోజులకు ఇచ్చారు. మరమ్మతుకు డబ్బు తీసుకోమంటే, ‘ఇది చూసి ఎన్నాళ్ళయిందండీ’ అంటూ సామాను ఖరీదు మాత్రమే తీసుకున్నారు. బ్యాటరీలతో కలిపి 900. ఇంట్లో సర్వోలు (చుక్కాని వగైరాలను కదిపే చిన్న మోటార్లు) చక్కగా కదిలాయి. దూర పరీక్షకు యాంటెనా మూసేసి నడుచుకుంటూ పోతే మాత్రం, ముప్పై అడుగులు దాటకముందే సర్వోలు వణకడం మొదలైంది. ఆ పాత ఏఎం రిసీవర్‌కు చుట్టుపక్కల ఛార్జర్లూ, ఎల్‌ఈడీ దీపాలూ చేసే విద్యుత్ రొద అంతా సంకేతంలాగే వినిపిస్తుంది. 1986లో మన ఊరి గాలిలో అంత రొద లేదు. కిలోన్నర పైచిలుకు బరువున్న వస్తువును, ముందు ప్రొపెల్లరు తిరుగుతుండగా, మనుషులున్న చోట ఆ సెట్టుతో ఎగరేయడం తగదు.

మా మేనల్లుడు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. వాడొక మార్గం చెప్పాడు. ‘మావయ్యా, డబ్బా నీదే ఉంచుదాం, పుల్లలూ నీవే ఉంచుదాం. లోపల మాత్రం కొత్తది పెడతాను’ అన్నాడు. కొత్త ఆరు ఛానెళ్ళ సెట్టు కొని, దాని లోపలి భాగాలను పాత ఫుటాబా డబ్బాలో అమర్చాడు. సెట్టుకు 6,200, నాలుగు సర్వోలకు 1,800. అరిగి నున్నబడిన అవే పుల్లలు బొటనవేళ్ళ కింద మళ్ళీ కదులుతుంటే నా మనసు కుదుటపడింది. పాత పొడుగాటి యాంటెనాతో ఇక పనిలేదు. అయినా దాన్ని తీయనివ్వలేదు, దానికి పసుపు రిబ్బనూ కట్టాను.

ఎక్కడ ఎగరేయాలన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న. విశాఖ విమానాశ్రయం నేవీది. ఊరి చుట్టూ రక్షణ స్థావరాలున్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మన బొమ్మ విమానమూ వాటి కిందికే వస్తుంది. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే పటంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుంటాయి. విమానాశ్రయపు సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య, అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ మండలమైనా 200 అడుగుల ఎత్తే, దాని అవతల 400 అడుగులు. రెండు కిలోల లోపు బరువుండి, వ్యాపారానికి కాకుండా ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నమోదు రుసుము 100 రూపాయలు. భీమిలి వైపు నేవీ స్థావరమూ, భోగాపురంలో అప్పటికి కడుతున్న కొత్త విమానాశ్రయమూ ఉన్నాయి కనుక అటు వద్దనుకుని, శృంగవరపుకోట (ఎస్.కోట) దగ్గర మా బావగారి పొలాన్ని ఎంచుకున్నాం. వరి కోసేశాక ఎండిన మడి. వెళ్ళే రోజు ఉదయం పటం మరోసారి చూసుకోవాలి, రంగులు మారుతుంటాయి.

మార్చి 23న తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. గాలి లేవకముందే, అంటే ఎనిమిది లోపు పని ముగించాలి. గట్టు మీద తువ్వాలు పరిచి రెక్కను రబ్బరు బ్యాండ్లతో బిగించాను. బరువు కేంద్రం చూడడానికి రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే ముక్కు కొద్దిగా వాలింది, అలాగే ఉండాలి. ఇంధనం పాలును సరిచేసే నీడిల్ మరను రెండున్నర చుట్లు విప్పి, మేనల్లుడు తోక పట్టుకోగా, నేను రబ్బరు తొడిగిన కర్రతో ప్రొపెల్లరు కొట్టాను. వేళ్ళతో తిప్పవద్దు, నా కుడి చూపుడు వేలి మీద 1988 నాటి గాటు ఇప్పటికీ ఉంది. ఇంజను రెండు మూడుసార్లు తుమ్మి అందుకుంది. నీలిపొగ వెనక్కి పరుచుకుని, ఆ ఆముదపు వాసన గట్టంతా నిండింది. నీడిల్ మెల్లగా బిగిస్తుంటే బొంగురు గొంతు సన్నబడి, ఒక దశలో స్వరం కుదిరినట్టు నిలిచింది. అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి విప్పాను. పైకి లేచినప్పుడు మిశ్రమం పలచబడి ఇంజను ఆగిపోకుండా ఉండాలి కదా.

పక్క మడిలో కళ్ళం ఊడుస్తున్న ముసలమ్మ చీపురు ఆపి వచ్చి, ‘ఏటి బాబూ, ఇది నిజంగా ఎగురుద్దేటి?’ అని అడిగింది. ఎగురుతుందని చెప్పగలిగే ధైర్యం నాకు ఆ క్షణంలో లేదు, ‘చూద్దామమ్మా’ అన్నాను. మేనల్లుడు గాలికి ఎదురుగా నాలుగడుగులు పరుగెత్తి, ముక్కు పైకెత్తకుండా తిన్నగా విసిరాడు. విమానం ఒక జానెడు కిందికి దిగి, నిలదొక్కుకుని, ఎడమకు ఒరుగుతూ పైకి లేచింది. కొత్త రిబ్బులున్న రెక్క కాస్త బరువు. ఒరుగుడును సరిచేసే ఏలెరాన్ (రెక్క చివరి పలక) ట్రిమ్ మీటను కుడికి నాలుగు గీతలు జరిపితే తిన్నబడింది. నా మోకాళ్ళు వణుకుతున్నాయి గానీ బొటనవేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. మనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ లెక్క బుర్రలో కాకుండా వేళ్ళలోనే ఉండిపోయిందని అప్పుడర్థమైంది. రెండు గద్దలు వచ్చి కాసేపు దాని వెంట సుళ్ళు తిరిగాయి. పెద్ద పెద్ద వలయాలు తప్ప విన్యాసాలేమీ చేయలేదు. మూడేళ్ళ కిందట శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్ళకు నారింజరంగు రెక్క దూరంలో కూడా స్పష్టంగా కనబడింది. ఈ వయసులో మొదలుపెట్టేవారు రెక్క పైన ఒక రంగు, కింద మరొక రంగు వేసుకోవడం మేలు.

ఏడెనిమిది నిమిషాలకు ఇంధనం అయిపోయి ఇంజను ఆగింది. ఎత్తు చాలినంత ఉంది. మాస్టారు చెప్పినట్టు ముక్కు కొద్దిగా వాల్చి వేగం నిలుపుకుంటూ, మడి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, గట్టు దాటించి మోళ్ళ మీద దించాను. ముందు చక్రపు తీగ వంగింది, మరేమీ కాలేదు. ముసలమ్మ చప్పట్లు కొట్టింది. మేనల్లుడు వచ్చి నా భుజం పట్టుకునేదాకా నేను కదలలేకపోయాను.

ఇంటికి రాగానే ఇంజనులో మిగిలిన ఇంధనాన్ని మండించి, సన్నని నూనె పోసి తిప్పి ఉంచాను. ఆముదాన్ని మళ్ళీ గడ్డకట్టనివ్వకూడదు, పైగా మన ఊరి ఉప్పుగాలికి బేరింగులు తొందరగా తుప్పు పడతాయి. తోకలోని ఎలివేటర్‌ను (ముక్కును పైకీ కిందికీ తిప్పే పలకను) కదిపే సర్వో ఊరికే గుయ్యిమంటోంది, మార్చాలి. జూన్‌లో నారుమళ్ళు పోసేలోగా ఆ మడిలోనే మరికొన్ని ఆదివారాలు దొరుకుతాయి.

ఈలోగా మాస్టారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఫోన్‌లో ఫొటోలు చూసి, ఆయన ఎస్కేప్‌మెంట్‌ను ఒక అగ్గిపెట్టెలో పెట్టి పంపారు. బ్యాటరీ తగిలిస్తే ఇప్పటికీ టక్కుమని వదులుతోంది. దానికి సరిపడే చిన్న విమానం గీయడం మొదలుపెట్టాను. దానిలోకి మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న పలచని రబ్బరు టేపూ, 27 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్ళ జతా కావాలి. విశాఖలో గానీ విజయనగరం, అనకాపల్లి వైపు గానీ ఎవరి అటక మీదైనా అలాంటివి ఉంటే దయచేసి పారేయకండి, ఏ రంగువైనా సరే, నాకు పనికొస్తాయి.